నీళ్ళు పాటు కోసం ఆగే చోట

సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటేసరికి గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. వరద తీసి ఎన్నాళ్ళో కాలేదు. లంకల్లో అరటి చెట్లు నడుం దాకా బురద పూసుకుని నిలబడ్డాయి. ఆ బురద గీత చూస్తే నీళ్ళు ఎంత ఎత్తుకు లేచాయో ఎవరినీ అడగక్కర్లేదు. రావులపాలెం దాటాక దారి పక్కకు కాలవ వచ్చి చేరింది. ఇక అక్కణ్ణుంచి కోనసీమలో ఎటు తిరిగినా కాలవో, బోదో, గుంటో, కోడో కంటికి ఆనుతూనే ఉంటుంది.

మాది విజయవాడ, సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా వీధుల్లోకి వచ్చింది. అప్పటినుంచి ఏ ఊరు వెళ్ళినా ముందు అక్కడి నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తున్నాను. ఓడలరేవు చూడాలనుకున్నదీ అందుకే. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసేది అక్కడే. ఎగువన జరిగిందంతా మొగ దగ్గర కనిపించి తీరాలి కదా అనుకున్నాను.

కొత్తపేట మీదుగా పి.గన్నవరం చేరాను. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయేది ఈ ఊరి ఎగువనే. కింద ఏరు, దాని మీద అడ్డంగా పంట కాలవ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లోనే, 1850ల మొదట్లో, నగరం అనే ఊరి వైపు పొలాలకు నీళ్ళివ్వడానికి లెఫ్టినెంట్ హేగ్ ఈ అక్విడక్టు కట్టించాడు. 49 కమానులతో ఆ పాతది ఇప్పటికీ నిలిచే ఉంది. పక్కనే కొత్తది, డొక్కా సీతమ్మ గారి పేరు మీద. ఆకలితో వచ్చినవాళ్ళకు వేళ కాని వేళ కూడా వండిపెట్టిన ఆ తల్లి ఊరు ఈ పక్కనే కాబట్టి ఆ పేరు ఎంతో ఒప్పింది.

పాత కమానుల కింద ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతుంటే చాలాసేపు చూశాను. ఒక్క కాలవను దాటించడానికి ఏటికి నలభై తొమ్మిది దారులు వదిలారు. వేసవిలో వాటిలో చాలా వాటి కింద ఇసకే ఉంటుంది. ఆ ఇసక చూసి ఇన్ని ఖానాలు ఎందుకని అప్పట్లో ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఎందుకో వరదలప్పుడు వచ్చి చూస్తే తెలుస్తుంది. ఏరు నిండుగా ఉండే నాలుగు రోజుల కోసమే ఆ లెక్క వేశారు.

అంబాజీపేటలో పొద్దుటి పలహారం పొట్టిక్కలు. నాలుగు పనసాకులు కలిపి పుల్లలతో కుట్టిన బుట్టలో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పితే దాని ఈనెలన్నీ పొట్టిక్క మీద అచ్చు పడి ఉంటాయి, పనసాకు వాసన వేడివేడిగా మొహానికి కొడుతుంది. కొబ్బరి పచ్చడి అడగకుండానే రెండోసారి వేశాడు హోటలాయన.

"ఎక్కణ్ణించండీ?"

"విజయవాడండి. సింగ్‌నగర్."

"బుడమేరు వచ్చినవైపేనాండీ?" అని గరిటె పట్టుకునే ఆగిపోయాడు. "ఆయ్, టీవీలో చూశామండి. అన్నాలు డ్రోన్లతో దింపారు కదండీ." ఇంకో పొట్టిక్క ఆకులో పెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

ఈ చుట్టుపక్కలే కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం. చుట్టూ ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభలను మోసేవాళ్ళు కౌశిక ఏట్లో పీకల్లోతు నీళ్ళలో దిగి దాటిస్తారు. దారిలో పచ్చటి చేలుంటే ప్రభ ఆ చేల మధ్య నుంచే వెళుతుంది. పైరు తొక్కారని ఏ రైతూ గొడవ పడడు, దేవుడు మా చేనుమీదుగా వెళ్ళాడని మురిసిపోతాడు. ఆ కౌశిక ఇప్పుడు చాలామేర మురుగు మోసే డ్రెయిను. ఏడాదికోసారి ఒక్క పూట నడిచే ప్రభకు పొలంలో దారి ఇచ్చే ఊళ్ళివి. ప్రతి వానకూ నడవాల్సిన నీళ్ళకు ఆ దారి ఎలా లేకుండా పోయిందన్న ప్రశ్న నన్ను అమలాపురం దాకా వదల్లేదు.

అమలాపురం 2022 ఏప్రిల్లో జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు, ఆఫీసులు, వాటి వెంట ఇళ్ళు, వాటి వెంట లేఅవుట్లు. నేను దిగిన సాయంత్రం వాన పట్టుకుంది. తుపాను కాదు, భాద్రపదంలో మామూలుగా పడే వాన. ఉన్నది అరగంటే. పాత వీధుల్లో అరుగుల కిందుగా నీళ్ళు జారిపోయాయి. ఊరి చివర కొత్త కాలనీ దగ్గర మాత్రం వాన వెలిశాక కూడా మోకాటి లోతు నిలిచాయి. సిమెంటు రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా ప్రహరీలు, ప్రహరీల లోపల గచ్చు. చినుకు పడ్డ చోట ఇంకే జానెడు మట్టి లేదు. మా విజయవాడే కళ్ళ ముందుకు వచ్చింది.

పొద్దున్నే అల్లవరం దారిలో ఆటో ఆపించాను. రోడ్డుకు ఒక పక్క మనిషెత్తు మెరక చేసిన లేఅవుట్, రంగులేసిన హద్దు రాళ్ళు, ఇంకా ఒక్క ఇల్లూ లేచినట్టు లేదు. దాని వెనక పదిపన్నెండు ఎకరాల వరిచేను నీళ్ళలో ఉంది. ఆకు కొసలు మాత్రమే పైకి తేలుతున్నాయి. గట్టు మీద పెద్దాయన ఒకరు పార భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు.

"బాబాయ్ గారూ, నీళ్ళు ఎప్పటికి దిగుతాయండీ?"

"ఎక్కడికి దిగుతాయమ్మా?" అని పారతో చూపించారు. చేలన్నిటికీ కలిపి ఒక మురుగు బోదె ఉండేది. లేఅవుట్ దాని మీదుగా వచ్చింది. దారి కోసం బోదెలో ఒక సిమెంటు గొట్టం వేసి మట్టి కప్పారు. ఆ గొట్టంలోకి మనిషి తల కూడా దూరదు. దాని నోటి దగ్గర గుర్రపుడెక్క, రెండు ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి పీచు. వంగి చూస్తే అవతలి వెలుతురు కనపడలేదు.

"నాలుగోనాడు దాటితే దుబ్బు కుళ్ళిపోద్దమ్మా. ఇదివరకు వాన పెద్దదొస్తేనే బెంగ. ఇప్పుడు ప్రతి వానకీ బెంగే."

తర్వాత ఆయన చెప్పిన మాట ఈ ప్రయాణంలో నేను విన్నవాటన్నిటిలోకీ విలువైనది. "మా తాతలు ఇల్లు మెరక చేసుకోవాలంటే దొడ్లోనే గుంట తవ్వేవోరండి. ఎంత మెరకో అంత గుంట. ఇప్పుడు మట్టి టిప్పర్లమీద వస్తంది. మెరక ఇక్కడ, గుంట ఇంకెక్కడో."

అప్పుడు చుట్టూ చూశాను. నిజమే, కోనసీమలో పాత లోగిలి ఏది చూసినా పక్కన గుంటో, చెరువో ఉంటుంది. కొబ్బరి తోటలో వరసల మధ్య బోదెలుంటాయి. అందం కోసం తవ్వినవి కావవి. ఇంటి నేల లేచిన మేరకు పెరటి నేల దిగింది, తన మెరక వల్ల చోటు పోయిన నీళ్ళను ఆ ఇల్లే తన గుంటలో ఉంచుకుంది. టిప్పరు మట్టితో లేచిన నేల ఆ నీళ్ళను పక్కవాడి చేలోకి తోసేస్తుంది.

ఎన్ని నీళ్ళన్నది లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఎకరం మీద పది సెంటీమీటర్ల వాన పడితే అది నాలుగు లక్షల లీటర్లు. జానెడు గట్టున్న వరిమడి ఆ నీళ్ళను తనలోనే ఆపుకుని, తూము దగ్గర కొంచెం కొంచెంగా వదులుతుంది. పదెకరాలు లేఅవుటయితే నలభై లక్షల లీటర్లు నిలిచే చోటు పోయినట్టు. గచ్చు మీద పడిన నీళ్ళలో దాదాపు అన్నీ పారతాయి, అదీ గంటలోపే. రోజంతా నిదానంగా నడవాల్సిన నీళ్ళు ఒక్కసారిగా బోదె నోటి మీద పడతాయి. బోదె మాత్రం పాత బోదే. ఇక్కడైతే దాని మీద గొట్టం కూడా పడింది.

ఇది ప్రపంచంలో చాలాచోట్ల కొలిచి చూసిన సంగతే. ఇంగ్లండులో హాలిస్ అనే శాస్త్రవేత్త 1975లో రాసిన పరిశోధన పత్రం నాకు బుడమేరు తర్వాత దొరికింది. ఊరు పెరిగితే చిన్న వరదలు పది రెట్ల వరకూ పెరగొచ్చని అందులో తేల్చాడు. నూరేళ్ళకోసారి వచ్చే పెద్ద వరద మాత్రం, పరీవాహక ప్రాంతంలో 30 శాతం నేల కప్పేసినా, రెండింతలు కావచ్చునన్నాడు. అంటే నేల కప్పేయడం వల్ల ఎక్కువగా మారిపోయేది తుపాను వాన ప్రవాహం కాదు, ఏటేటా పడే మామూలు వాన ప్రవాహం. "ప్రతి వానకీ బెంగే" అని పెద్దాయన అన్నది సరిగ్గా ఇదే.

అందువల్ల గోదావరి పెద్ద వరదలను ఈ ఖాతాలో వేయడం న్యాయం కాదు. గోదావరి పరీవాహకం 3,12,812 చదరపు కిలోమీటర్లు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు లేచి, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు నడిచింది. అది ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మీద పడ్డ వాన. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిందీ అలాగే. అంతటి వానకు అడవి నేల కూడా నాని, ఇంక తాగలేనంటుంది. ఏ కాలనీ కట్టకపోయినా ఆ వరద వచ్చేది. కానీ బుడమేరులాంటి చిన్న ఏరు సంగతి వేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే దారిలో అది ఒకప్పుడు పరుచుకున్న పల్లాల మీదే మా ఇళ్ళున్నాయి. ఆ రోజు వాన చాలా పెద్దది, గట్లూ తెగాయి, నిజమే. అయినా ఆ నీళ్ళు అన్ని రోజులు మా ఇళ్ళలో ఉండిపోవడానికి కారణం వాన కాదు. వాటికి పోయే దారి లేదు. హైదరాబాదులో 2020 అక్టోబరులో జరిగిందీ ఇదే. నాలాలు ఇరుకై, చెరువుల శిఖాల్లో ఇళ్ళు లేచాక, తెగిన పల్లెచెరువు నీళ్ళు వీధులనే కాలవలు చేసుకున్నాయి.

కోనసీమకు ఇంకో చిక్కుంది. మా ఊళ్ళో నీళ్ళకు దారి తెరిస్తే పోతాయి. ఇక్కడ తెరిచినా పోవు, పాటు కోసం, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ కోసం చూడాలి.

ఆ సంగతి బెండమూర్లంక వైపు ఏటిగట్టు మీద ఒక స్లూయిజ్ దగ్గర అర్థమైంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ బట్టల వ్యాపారం చేసిన రేవు ఈ బెండమూర్లంక. ఇప్పుడు కొబ్బరి నీడలో సద్దు లేకుండా ఉంది. గట్టు కింద నుంచి డ్రెయిను వచ్చి వైనతేయలో పడే చోట ఇనప తలుపు పైనుంచి మడతబందుల మీద వేలాడుతోంది. లోపల మురుగు ఎత్తుగా ఉంటే తలుపును తోసుకుని ఏట్లోకి పోతుంది. ఏట్లో పోటెక్కితే ఆ బరువుకు తలుపు దానంతటదే మూసుకుంటుంది. మోటారు లేదు, మనిషి అక్కర్లేదు. నేను వెళ్ళేసరికి పోటు మీద ఉంది. తలుపు కింద ఒక కొబ్బరి మట్ట అడ్డం పడి బెత్తెడు సందు మిగిలింది. ఆ సందులోంచి ఏటి నీళ్ళు లోపలికి తన్నుకొస్తున్నాయి. లుంగీ ఎగకట్టిన కుర్రాడొకడు గెడతో మట్టను లాగుతున్నాడు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు తగిలింది.

"ఈ ఉప్పు చేలోకి వెళ్తే కొబ్బరికి మొవ్వు ఎండిపోద్దండి," అన్నాడు. మట్ట ఊడి వచ్చాక తలుపు ధబ్బున మూసుకుంది. "పాటు పదకొండింటికి తీస్తాదండి. అప్పటిదాకా లోపలి నీళ్ళు లోపలే."

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇక్కడి నేల వాలు కిలోమీటరుకు జానెడు కూడా ఉండదు. అందువల్ల డ్రెయిన్లు నడిచేది పాటు గంటల్లోనే. అమావాస్యకో పౌర్ణమికో పోటు ఇంకా ఎత్తు. అదే రోజుల్లో గోదావరి వరద కూడా వస్తే ఏరు దిగదు, తలుపు తెరుచుకోదు. ఆ గంటలన్నీ వాన నీళ్ళు ఎక్కడో ఆగాలి. మడులు, గుంటలు, తోటల్లో బోదెలు, వెడల్పాటి కోడు: డెల్టాలో నీళ్ళ బస ఇవే. లేఅవుట్లతోపాటు ఎత్తు గట్ల రొయ్యల చెరువులు, కల్వర్టులు చాలినన్ని లేని రోడ్డు కట్టలు ఆ బసలను ఒకటొకటిగా మూసేస్తూ వచ్చాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర పక్కనే వాళ్ళు పెట్టిన ఫిర్యాదు ఈ మురుగు కాలవల గురించే.

దేశంలో కొంత భాగం సముద్రమట్టానికి దిగువన ఉన్న నెదర్లాండ్స్ వాళ్ళు ఇది ముందే గ్రహించారు. 1995లో రైన్ పాయలు పొంగి రెండున్నర లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించాక, గట్లు ఇంకా పెంచుకుంటూ పోవడం మాని, నదికి చోటు ఇవ్వడం అనే పథకం పెట్టుకున్నారు. ముప్పైకి పైగా చోట్ల గట్లను వెనక్కి జరిపారు, వరద మైదానాలను తవ్వి లోతు చేశారు, ఒకచోట రైతుల ఇళ్ళను మట్టిదిబ్బలెక్కించి వాళ్ళ పొలాలను వరద వేళ నదికి వదిలారు. ఎంతో ఖర్చుతో వాళ్ళు కొని తెచ్చుకున్న ఆ చోటు కోనసీమకు తాతల నాటి నుంచీ ఉంది.

ఓడలరేవు చేరేసరికి పాటు మొదలైంది. ఒక పక్క వైనతేయ మొగ, అవతలి ఒడ్డున కరవాక కొబ్బరి తోటలు, ఇటు ఓఎన్‌జీసీ టెర్మినల్. సముద్రం అడుగు నుంచి గొట్టాల్లో వచ్చే గ్యాసు ఒడ్డెక్కేది అక్కడే. మొగలో ఏటి ఎరుపు సముద్రపు నీలంలోకి నాలికలా చాచుకుని ఉంది. రెండిటి మధ్యా తెల్లటి నురగ గీత. పడవలు ఆ గీత మీదుగా ఎగిరెగిరి వస్తున్నాయి.

ఒడ్డున వల మీద ఎండబెట్టిన మెత్తళ్ళను తిరగేస్తున్న ఒకామె నన్ను నీడలోకి పిలిచింది. "ఎండలో నిలబడతావేంటక్కా, ఇటు రా." అడక్కుండానే మంచినీళ్ళిచ్చింది. కాసేపటికి అన్నం పెట్టింది. ఎండు మెత్తళ్ళు, వంకాయ వేసిన పులుసు. మా ఊళ్ళో అపార్టుమెంటు మెట్ల మీద ఎదురుపడ్డవాళ్ళు ఊరూ పేరూ తెలియకుండా నీళ్ళయినా అడగరు. వరద రోజుల్లో మాత్రం అడిగారు, అదీ గుర్తుంది.

"సముద్రం ముందుకొచ్చేసిందక్కా. నా చిన్నప్పుడు సర్వితోట దాటి చాలా నడిస్తే గానీ నీళ్ళు తగిలేవి కాదు," అంది.

దీని వెనక ఎగువ కథ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు నాగేశ్వరరావు గారి బృందం 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970ల్లో గోదావరి ఏటా మోసుకొచ్చిన ఒండ్రు 15 కోట్ల టన్నులు. 2000, 2006 మధ్యకు వచ్చేసరికి అది 5.7 కోట్ల టన్నులు. మిగతాది ఎగువన ఆనకట్టల వెనకే ఉండిపోతోంది. డెల్టా అన్నది ఏరు తెచ్చిన మట్టితో పుట్టిన నేల. ఆ మట్టి ఆగిపోతే నేల తన బరువుకు తానే కుంగుతుంది, సముద్రం కోసుకుపోయింది మళ్ళీ పూడదు. నేల కాస్త కుంగినా, సముద్రం కాస్త లేచినా, ఆ ఇనప తలుపు తెరుచుకుని ఉండే గంటలు తగ్గుతాయి. ఎగువ మట్టి రావడం మన చేతిలో వెంటనే ఉన్న పని కాదు. దిగువన నీళ్ళు ఆగే చోటును మన చేత్తో మనం పూడ్చకపోవడం మాత్రం చేతిలో ఉన్నదే, అదీ ఈ రోజే. ఈ మాట వ్రాసేటప్పుడు నాకు కోపం వస్తోంది, దాచుకోను. 1996 నవంబరు తుపానులో వెయ్యి మందికి పైగా మనుషుల్నీ, లక్షల కొబ్బరి చెట్లనూ పోగొట్టుకున్న నేల ఇది. దాన్ని తుపాను లేకుండానే మనం ముంచకూడదు.

సాయంత్రం తిరుగుదారిలో పెద్దాయన అదే చేను దగ్గర ఉన్నారు. ఈసారి ఒక్కరే కాదు, ఆ మురుగు బోదె మీద ఆధారపడ్డ రైతులు ఆరుగురు. పాటు తీసినా చేలో నీళ్ళు బెత్తెడే దిగాయి, గొట్టం అంతకంటే వదలడం లేదు. లేఅవుట్ తాలూకు మనిషి ఫోనులో "అనుమతులన్నీ ఉన్నాయి" అన్నాడట.

"సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇద్దామనుకుంటున్నామమ్మా. నువ్వు వ్రాసేదానివి కదా, రాసిపెట్టు," అన్నారు. మనవడి నోటుబుక్కు నుంచి కాగితం చింపి ఇచ్చారు. పార కర్ర మీద పెట్టి వ్రాశాను, వాళ్ళు చెబుతుంటే. ఒకటి, గొట్టం తీసేసి బోదె ఎంత వెడల్పో అంత వెడల్పున కల్వర్టు కట్టాలి. రెండు, లేఅవుట్‌లో ఖాళీ స్థలం కింద వదిలిన చోటును మెరక చేయకుండా గుంటగానే ఉంచాలి. మూడు, బోదె హద్దులు సర్వే చేసి రాళ్ళు పాతాలి. నాలుగోది చెప్పడానికి కాసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. చివరికి పెద్దాయనే చెప్పారు: ఇక మీదట ఈ ఆయకట్టులో ఏ పొలం మెరక చేయాలన్నా, ముందు కింది చేల రైతుల్ని పిలిచి అడగాలి.

అందరూ సంతకాలు పెట్టారు. ఒకాయన వేలిముద్ర వేశాడు. జిరాక్సు ఎన్ని కావాలన్న దాని మీద మాట జరుగుతుండగానే మా ఆటో కుర్రాడు, "అమలాపురంలో నేను తీయిస్తానండి, దారే కదా," అని కాగితం అందుకున్నాడు.